గచ్చకాయ రంగు పిల్లులు: కోరాట్, రష్యన్ బ్లూ, షార్త్రూలలో మీ ఇంటికి ఏది?

డాలస్‌లో ఉండే మా తమ్ముడు ఒకరోజు వాట్సాప్‌లో మూడు పిల్లుల ఫొటోలు పంపాడు. మూడూ బూడిద రంగువే. కింద ఒకే లైను: "అక్కా, మూడూ ఒకటేలా ఉన్నాయి కదా. ఏది ముందు దొరికితే అది తెచ్చుకుంటాం."

చూడ్డానికి ఒకటేలా ఉన్నమాట నిజమే. కానీ ఒకటి థాయిలాండ్ పల్లెల్లోది, ఒకటి రష్యా ఉత్తరాన ఉన్న ఓడరేవుది, ఇంకోటి ఫ్రాన్స్‌ది. గుణాల్లో ఒకదానికీ ఇంకోదానికీ పొంతన లేదు. ఆ రాత్రి వాడికి ఫోన్లో గంటసేపు చెప్పిందే ఇక్కడ ఇంకాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు రంగు సంగతి. పిల్లుల్ని పెంచి అమ్మేవాళ్లు దీన్ని 'బ్లూ' అంటారు గానీ ఇందులో నీలం ఏమీ లేదు. నలుపు పలచబడితే వచ్చే రంగు ఇది. ఒక జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా మారిన రూపంలోనే వస్తే, వెంట్రుకలో రంగు రేణువులు సమంగా పరుచుకోకుండా ముద్దలు ముద్దలుగా చేరతాయి. అప్పుడు నలుపు కాస్తా బూడిదగా కనిపిస్తుంది. ఈ మార్పు చాలా జాతుల్లో ఉంది, మన వీధి పిల్లుల్లోనూ ఉంది. అందుకే రంగును బట్టి జాతి చెప్పలేం, గుణం అసలే చెప్పలేం.

ఈ రంగుకి మన దగ్గర ఇంగ్లీషు కన్నా మంచి మాటే ఉంది: గచ్చకాయ రంగు. చిన్నప్పుడు గచ్చకాయని అరుగు మీద బరబరా రుద్ది పక్కవాడి చేతికి చురక పెట్టినవాళ్లకి ఆ రంగు గుర్తుండే ఉంటుంది. బూడిదలో రవ్వంత పచ్చ, పైన నున్నటి మెరుపు. తమాషా ఏమిటంటే కోరాట్ పిల్లికి థాయ్‌లో అసలు పేరు 'సీ సవాత్'. 'సీ' అంటే రంగు, 'సవాత్' అంటే మన గచ్చకాయే.

ఇక వీటిని ఎలా గుర్తుపట్టాలంటే, కళ్లు చూడండి, వేలితో బొచ్చు తాకండి. కళ్లు తేనెరంగులోనో రాగిరంగులోనో ఉంటే షార్త్రూ. ఆకుపచ్చగా ఉంటే మిగతా రెండిట్లో ఒకటి. రష్యన్ బ్లూ వీపు మీద వేలితో గీత గీస్తే ఆ గీత అలాగే నిలబడుతుంది, ఇసుకలో రాసినట్టు. బొచ్చు రెండు పొరలుగా అంత దట్టంగా ఉంటుంది మరి. కోరాట్‌కి ఉండేది ఒకటే పొర, ఒంటికి అంటుకుని ఉంటుంది, పిల్లి ఒళ్లు వంచినప్పుడు వెన్ను మీద వెంట్రుకలు పాయలు విడతాయి. షార్త్రూది గొర్రె ఉన్నిలాంటి బొచ్చు. మెడ దగ్గరా డొక్కల దగ్గరా పగుళ్లిచ్చినట్టు విడిపోయి ఉంటుంది, నీళ్లు పడితే చప్పున లోపలికి దిగవు.

కోరాట్: వదిలిపెట్టని పిల్లి

థాయిలాండ్ ఈశాన్యంలో నఖోన్ రాచసీమా అని ఒక రాష్ట్రం ఉంది. పేరు విడదీస్తే నగర, రాజ, సీమ. మన రాయలసీమలోని సీమే అది. వాడుకలో ఆ ప్రాంతాన్ని కోరాట్ అంటారు, పిల్లికీ ఆ పేరే వచ్చింది. అయుత్తయ రాజ్యం (1351–1767) కాలం నాటిదని చెప్పే 'తమ్రా మ్యావ్' అనే పిల్లుల పద్యాల గ్రంథం ఉంది. అందులో ఇంటికి మంచి చేసే పిల్లులు 17 రకాలు, కీడు చేసేవి 6 రకాలు. మంచి చేసేవాటిలో సీ సవాత్ ఉంది. దాని వెంట్రుకలు మొదట్లో మబ్బులా, కొసల్లో వెండిలా ఉంటాయనీ, కళ్లు తామరాకు మీద మంచు బొట్టుల్లా మెరుస్తాయనీ వర్ణించారు. పిల్లి ఎదురొస్తే చెప్పులు విడిచి కాసేపు ఆగే మన పెద్దవాళ్లు ఇది వింటే ఏమంటారో! అక్కడ కొత్త పెళ్లికూతురికి ఈ పిల్లుల జంటను కానుకగా ఇచ్చే ఆచారం ఉండేది.

వానలు పడకపోతే అక్కడి రైతులు ఒక ఆడపిల్లిని బుట్టలో పెట్టి ఊరంతా తిప్పుతారు. ఇంటింటా దాని మీద నీళ్లు చల్లుతారు. 'హే నాంగ్ మ్యావ్' అంటారు ఆ ఊరేగింపుని. మన పల్లెల్లో రోకలికి కప్పని కట్టి, కప్పతల్లి పాట పాడుతూ, ఇంటింటా నీళ్లు పోయించుకుని తిరిగే పిల్లలు గుర్తురావడం లేదూ? మబ్బు రంగు పిల్లయితే మబ్బుని పిలుచుకొస్తుందని వాళ్ల నమ్మకం.

1959లో ఒరెగాన్‌కి చెందిన జీన్ జాన్సన్ అనే ఆవిడ థాయిలాండ్ నుంచి నారా, దారా అనే అన్నాచెల్లెళ్ల జంటను అమెరికాకు తెప్పించుకుంది. 1966లో అమెరికాలోని పెద్ద పిల్లుల సంఘం సీఎఫ్‌ఏ కోరాట్‌ని పోటీలకు ఒప్పుకుంది. ఈ జాతికి ఒక గట్టి నియమం ఉంది: ఏ కోరాట్ వంశవృక్షమైనా వెనక్కి వెళ్తే థాయిలాండ్‌కే చేరాలి, మధ్యలో ఇంకో జాతిని కలపకూడదు. రూపం ఇన్నేళ్లు చెక్కుచెదరకపోవడానికి ఇదే కారణం. అందుకే ఇవి అరుదు కూడా.

గుణం గురించి ఒక్క మాటలో చెప్పాలంటే, కోరాట్‌కి మీరు కావాలి. పక్కన కూర్చుంటే చాలదు, ఒళ్లో కూర్చోవాలి. మీరు కూర తరుగుతుంటే గట్టు మీద, ల్యాప్‌టాప్ తెరిస్తే కీబోర్డు మీద, బాత్‌రూమ్‌లోకి వెళ్తే తలుపు ముందు ఉంటుంది. బరువు 3 నుంచి 4.5 కిలోల మధ్యే గానీ, ఎత్తుకుంటే కండ గట్టిగా, అనుకున్నదానికన్నా బరువుగా తగులుతుంది. ఇంట్లో ఇంకో పిల్లి ఉంటే పెత్తనం తనదే కావాలంటుంది. చెవులు మాత్రం మహా చురుకు. హఠాత్తుగా పెద్ద శబ్దం వస్తే బెదురుతుంది. రోజూ పొద్దున్నే మిక్సీలో పచ్చడి రుబ్బే ఇంట్లో ముందు కొన్నాళ్లు వంటగది తలుపు మూసి, నెమ్మదిగా ఆ చప్పుడు అలవాటు చేయాలి. దీపావళి రాత్రి అయితే లోపలి గదే దానికి గతి.

కొనేవాళ్లు తరచూ పొరపడే సంగతి ఇంకోటుంది. కోరాట్ కూన కళ్లు ఆకుపచ్చగా ఉండవు, పసుపో కాషాయమో కలిసిన రంగులో ఉంటాయి. పూర్తి పచ్చదనం రావడానికి రెండు నుంచి నాలుగేళ్లు పడుతుంది. "ఫొటోలో ఉన్నట్టు లేదు" అని మంచి కూనని కాదనుకోకండి.

అసలు జాగ్రత్త పడాల్సింది జబ్బు విషయంలో. జీఎం1, జీఎం2 గ్యాంగ్లియోసిడోసిస్ అనే రెండు వంశపారంపర్య నరాల జబ్బులు ఈ జాతిలో ఉన్నాయి. జబ్బున్న కూన పుట్టినప్పుడు బాగానే ఉంటుంది. కొన్ని నెలలకే తల వణకడం, కాళ్లు తడబడటం మొదలవుతాయి, తర్వాత చూపు, నడక రెండూ పోతాయి. మందు లేదు. జబ్బు రావాలంటే తల్లీ తండ్రీ ఇద్దరూ ఆ లోపాన్ని ఇవ్వాలి. ఇద్దరూ పైకి ఆరోగ్యంగా ఉండి లోపల మోస్తున్నవాళ్లయితే, పుట్టే ప్రతి కూనకీ 25 శాతం ప్రమాదం. దవడ లోపల దూదితో తుడిచి పంపితే తేలిపోయే డీఎన్‌ఏ పరీక్ష ఉంది. తల్లిదండ్రుల పరీక్ష కాగితాలు చూపించని చోట కోరాట్ కొనకండి. ఇక్కడ మొహమాటం వద్దు.

రష్యన్ బ్లూ: గడియారం చూసి బతికే పిల్లి

తెల్ల సముద్రం దగ్గరి అర్ఖాంగెల్స్క్ రేవు నుంచి నావికులు 1860ల్లో వీటిని ఇంగ్లండ్‌కి తెచ్చారని ప్రచారంలో ఉన్న కథ. జార్ చక్రవర్తుల ముద్దుల పిల్లి అని కూడా అంటారు, అమ్మకానికి పనికొచ్చే మాట అది. 1875లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ పోటీల్లో 'ఆర్కేంజెల్ పిల్లి' పేరుతో ప్రదర్శించారు. అక్కడ బూడిద రంగు పిల్లులన్నిటినీ ఒకే వరసలో నిలబెట్టేవాళ్లు, బొద్దుగా ఉండే బ్రిటిష్ పిల్లులకే బహుమతులు పోయేవి. 1912లో గానీ వేరే తరగతి ఇవ్వలేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జాతి దాదాపు అంతరించేదాకా వచ్చింది. సయామీ పిల్లులతో కలిపి సంఖ్య పెంచి, తర్వాత మళ్లీ పాత రూపానికి తీసుకురావడానికి చాలా ఏళ్లు పట్టింది.

మూడిట్లోకీ ఎక్కువగా దొరికేది ఇదే. సన్నటి ఒళ్లు, పొడుగు కాళ్లు, పెదవుల చివర చిన్న నవ్వు. ఆ నవ్వు నోటి ఆకారం వల్ల వచ్చింది, మీ మీద ప్రేమతో కాదు. ప్రేమ ఉంటుంది గానీ ఇంట్లో ఒకరిద్దరి మీదే. బెల్లు మోగితే మంచం కింద ఉంటుంది. పెదనాన్నగారి కుటుంబం వచ్చి నాలుగు రోజులుంటే నాలుగు రోజులూ అక్కడే. చుట్టాలు "మీకు పిల్లుందన్నారు, ఏదీ?" అని అడిగి అడిగి వెళ్లిపోతారు.

దీనికి రోజూ ఒకే పద్ధతి కావాలి. పొద్దున ఆరున్నరకి తిండి పెట్టడం అలవాటు చేస్తే ఆదివారం కూడా ఆరున్నరే. సామాను జరిపినా, అది దొడ్డికి కూర్చునే మట్టిడబ్బా చోటు మార్చినా అలుగుతుంది. ఇంకో బలహీనత తిండి. పెట్టినంతా తిని ఇంకా ఆకలన్నట్టు ముఖం పెడుతుంది, ఇంట్లో ముగ్గురి దగ్గరా విడివిడిగా తినేస్తుంది. రోజుకి ఎంతో కొలిచి ఒక డబ్బాలో పోసి, ఎవరు పెట్టినా అందులోంచే పెట్టాలి. బొచ్చు వారానికి ఒకసారి దువ్వితే సరిపోతుంది.

"రష్యన్ బ్లూకి అలర్జీ రాదంట కదా" అని చాలామంది అడుగుతారు. అలర్జీ తెప్పించేది బొచ్చు కాదు, పిల్లి ఉమ్మిలోనూ చర్మంలోనూ ఉండే ఒక ప్రోటీన్. అది అసలు లేని పిల్లి జాతి లేదు. ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం ఉంటే, ఆ పిల్లితోనే రెండు మూడు గంటలు ఒకే గదిలో కూర్చుని చూశాకే మాట ఇవ్వండి.

షార్త్రూ: మాట తక్కువ, ఓపిక ఎక్కువ

ఫ్రాన్స్‌లోని గ్రాండ్ షార్త్రూజ్ మఠంలో సన్యాసులు వీటిని పెంచేవాళ్లనీ, మౌనవ్రతం వాళ్ల నుంచి పిల్లులకి అంటిందనీ అందమైన కథ ఒకటి ఉంది. మఠాధిపతి మాత్రం 1972లో, తమ దస్తావేజుల్లో అలాంటి పిల్లుల ఊసే లేదని చెప్పేశారు. అప్పట్లో 'షార్త్రూ' పేరుతో అమ్ముడైన మెత్తటి స్పెయిన్ ఉన్ని వల్ల పిల్లికి ఆ పేరు వచ్చి ఉంటుందని ఇంకో మాట. బొచ్చు తాకి చూస్తే నాకు ఆ రెండోదే నమ్మాలనిపిస్తుంది.

కాగితం మీద గట్టిగా దొరికే చరిత్ర లెజే అక్కచెల్లెళ్లతో మొదలవుతుంది. బ్రిటనీ తీరానికి అవతల బెల్ ఈల్ దీవిలో ఒక ఆసుపత్రి చుట్టూ తిరిగే బూడిద రంగు పిల్లుల్ని చూసి, వాళ్లు జాతిగా పెంచడం మొదలుపెట్టారు. 1931లో పారిస్‌లో ప్రదర్శించారు. యుద్ధం వీటినీ దెబ్బతీసింది. 1970లో యూరప్ సంఘం వీటిని బ్రిటిష్ షార్ట్‌హెయిర్‌తో కలిపి ఒకే జాతి అనేసింది. ఫ్రెంచివాళ్లు ఊరుకుంటారా? గొడవపడి 1977లో మళ్లీ విడదీయించుకున్నారు. అధ్యక్షుడు చార్లెస్ డి గాల్ ఇంట్లోనూ ఒక షార్త్రూ ఉండేది, పేరు గ్రీ గ్రీ.

బలమైన ఛాతీ, బుగ్గలు, సన్నటి కాళ్లు. అగ్గిపుల్లల మీద బంగాళాదుంప నిలబెట్టినట్టుంటుందని పెంచేవాళ్లే నవ్వుకుంటారు. మగది ఆరేడు కిలోలదాకా పెరుగుతుంది. పూర్తిగా ఎదగడానికి మూడేళ్ల పైనే పడుతుంది కాబట్టి మధ్యలో కొన్నాళ్లు పొంతన లేని ఒంటితో వింతగా ఉంటుంది, కంగారు పడకండి. అరవడం చాలా తక్కువ. నోరు తెరుస్తుంది, శబ్దం రాదు. లేదా పిచ్చుక కిచకిచలాంటి చిన్న కూత. మీ వెంట గది నుంచి గదికి నడుస్తుంది, మీ పక్కన నేల మీద పడుకుంటుంది. కోరాట్‌లాగా ఒంటి మీదికెక్కదు, రష్యన్ బ్లూలాగా దాక్కోదు. కొత్తవాళ్లొస్తే కాస్త దూరంలో కూర్చుని, బేరం చూసే పెద్దమనిషిలా గమనిస్తుంది. పిల్లలు తోక లాగితే గోళ్లు తీయడం కన్నా లేచి వెళ్లిపోవడమే దాని పద్ధతి.

ఈ నెమ్మదిలో ఒక చిక్కుంది. నొప్పి వచ్చినా చెప్పదు. తిండి తగ్గిందా, దూకే చోట దూకడం మానేసిందా అని మీరే కనిపెట్టాలి. ఈ జాతిలో మోకాలి చిప్ప పక్కకి జారే సమస్య కనిపిస్తుంది కాబట్టి కొనేటప్పుడే తల్లిదండ్రుల మోకాళ్ల సంగతి అడగండి. దువ్వడం వారానికి రెండుసార్లు, ఎండాకాలం ముందు బొచ్చు రాలే రోజుల్లో ఇంకాస్త తరచుగా. పళ్లు పదునుగా ఉండే తీగ బ్రష్షుతో లాగితే ఉన్ని పొర పాడవుతుంది. మామూలు దువ్వెన, చేతివేళ్లు చాలు.

మరి ఎవరికి ఏది?

మీ ఇంట్లో పిల్లి ఒంటరిగా ఎన్ని గంటలుంటుంది, వచ్చేపోయేవాళ్లు ఎంతమంది అన్న రెండు ప్రశ్నలకి నిజాయితీగా జవాబు చెప్పుకుంటే సగం పని అయిపోతుంది.

ఇంటి నుంచి పనిచేసేవాళ్లు, రిటైరైన దంపతులు, చప్పుడు తక్కువ ఉన్న ఇల్లు అయితే కోరాట్ అంత తోడు ఇంకోటి ఉండదు. పొద్దున ఎనిమిదికి తాళం వేసి రాత్రి ఏడుకి తీసే ఇంటికి దాన్ని తెస్తే, దాన్ని బాధపెట్టినట్టే. ఒకరో ఇద్దరో ఉండి, టైమ్ ప్రకారం నడిచే, చుట్టాల తాకిడి లేని ఇంటికి రష్యన్ బ్లూ. పగలంతా ఎవరూ లేకపోయినా తట్టుకుంటుంది, సాయంత్రం మాత్రం మాట తప్పకూడదు. చిన్నపిల్లలు, వచ్చిపోయే తాతలు నానమ్మలు, శనివారం స్నేహితులు ఉండే ఇంటికి నా ఓటు షార్త్రూకే.

మా తమ్ముడికి కోరాట్ మీద మనసు పడింది, వాన కథ విని. కానీ వాళ్లిద్దరూ ఆఫీసుకెళ్తారు, నాలుగేళ్ల పాప, ఏడాదిలో ఆరు నెలలు అమ్మానాన్న అక్కడే, వారానికోసారి ఇరవైమందికి బిర్యానీ. "ఒరేయ్, ఆ కథ నువ్వు చెప్పుకో, పిల్లిని మాత్రం వేరేది తెచ్చుకో" అన్నాను.

వాతావరణం కూడా చూడాలి. కోరాట్ పుట్టిందే మండే ఎండల ఊళ్లో, ఒకటే పొర బొచ్చు. మన వైపు మే నెలకి అది నప్పుతుంది, చలిదేశాల్లో కిటికీ పక్కన దుప్పటి వెతుక్కుంటుంది. మిగతా రెండూ ఒత్తు బొచ్చువి. విజయవాడ ఎండలో ఏసీ లేని ఇంట్లో ఉంచితే వాటికి కష్టం.

తిండి విషయం మూడిటికీ ఒకటే, మన ఇళ్లలో తరచూ తప్పు జరిగేదీ ఇక్కడే. పిల్లి పూర్తి మాంసాహారి. పాలన్నం, పెరుగన్నం పెట్టి పెంచితే కడుపు నిండుతుంది గానీ టారిన్ అనే పోషకం అందదు. అది లేక కళ్లు దెబ్బతింటాయి, గుండె కండరం బలహీనపడుతుంది. ఇంట్లో మాంసం వండని వాళ్లయినా పిల్లికి మాంసంతో చేసిన క్యాట్ ఫుడ్ పెట్టక తప్పదు. దానికి మనసొప్పకపోతే కుందేలుని చూసుకోవడం మేలు. ఉల్లి, వెల్లుల్లి పడ్డ కూర రసం పెట్టకూడదు, రక్తం దెబ్బతింటుంది. బొకేల్లో వచ్చే పెద్ద రేకుల లిల్లీ పూలు ఇంట్లో పెట్టకూడదు, పుప్పొడి నాకినా కిడ్నీలు పోతాయి. జ్వరంగా ఉందని పారాసెటమాల్ ముక్క వేశారంటే ప్రాణం మీదికొస్తుంది. బాల్కనీకి పావురాల కోసం కట్టే వల ఉంటుందే, అది గట్టిగా బిగించి ఉందో లేదో చూసుకోండి.

హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉండి వెతికేవాళ్లకి ఒక మాట. ఆన్‌లైన్‌లో 'రష్యన్ బ్లూ' అని పెట్టే ఫొటోల్లో చాలా వాటికి ఏ కాగితమూ ఉండదు. వంశపత్రం, తల్లిదండ్రుల ఫొటోలు, టీకాల కార్డు అడగండి. పన్నెండు వారాలు నిండకుండా కూనని ఇచ్చేస్తామన్నా వద్దనండి, తల్లి దగ్గర నేర్చుకోవాల్సింది ఇంకా ఉంటుంది. విదేశం నుంచి తిరిగొస్తూ పిల్లిని తెచ్చుకునేవాళ్లయితే చాలా ముందు నుంచే జంతు క్వారంటైన్ ఆఫీసు ఎన్‌ఓసీ, రేబీస్ టీకా, మైక్రోచిప్ కాగితాల పని మొదలుపెట్టాలి.

ఇవేవీ కుదరక, గచ్చకాయ రంగే కావాలనుకుంటే, షెల్టర్లలో ఆ రంగు నాటు పిల్లులు కనిపిస్తూనే ఉంటాయి. మన ఎండ, మన మిక్సీ, మన చుట్టాలు వాటికి కొత్త కాదు.

తమ్ముడు ఇప్పుడు షార్త్రూ కోసం వెయిటింగ్ లిస్టులో ఉన్నాడు. ఆ జాతికి ఏడాదికో అక్షరం ఉంటుంది, ఆ సంవత్సరం పుట్టిన కూనల పేర్లన్నీ దాంతోనే మొదలుపెట్టడం ఫ్రెంచి అలవాటు. పాప, వాడు, మరదలు పేర్ల మీద పోట్లాడుకుంటున్నారు. అమ్మ మాత్రం ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతోంది, "మన గచ్చకాయ ఎప్పుడొస్తుందిరా?" అని.